మెస్ బిల్లు నోటీసు బోర్డు ఎక్కిన రోజు

(జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్., దినోత్సవ సభలో విశ్వవిద్యాలయ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసిన అమ్మాయి నా ఉద్యోగాలన్నీ వరసగా చదివింది. ఒక్క పదవి మాత్రం వదిలేసింది. తప్పు ఆమెది కాదు, నేనిచ్చిన కాగితంలోనే అది లేదు. ఎమ్మే రెండో ఏడాదిలో నేను మా హాస్టల్ మెస్ సెక్రటరీని. మూడంటే మూడు నెలలు. నాయకత్వం గురించి మాట్లాడమన్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మాది డివైడింగ్ మెస్. హాస్టల్ వాళ్లకి తెలుసు, డే స్కాలర్ల కోసం చెప్తున్నాను. నెలంతా బియ్యానికి, పప్పుకి, నూనెకి, కూరగాయలకి, గ్యాస్‌కి అయిన ఖర్చు కూడతారు. ఎవరెవరు ఎన్ని రోజులు తిన్నారో ఆ రోజులన్నీ కలిపి దాంతో భాగిస్తారు. రోజుకింత అని తేలుతుంది. ఐదో తరగతి లెక్క. కానీ ఆ అంకె చూసుకుని 180 మంది కుర్రాళ్లు ఎస్టీడీ బూత్ ముందు నిలబడి ఇంటికి ఫోన్ చేసి డబ్బు పంపమని అడగాలి.

నా మొదటి నెలలోనే తలకి నెల బిల్లు 520 నుంచి 585 రూపాయలైంది. నోటీసు బోర్డు మీద కాగితం అంటించి గదికి వచ్చేలోపే గొడవ మొదలైంది. రాత్రి భోజనాల దగ్గర ఎవడో నాకు వినబడేలాగే అన్నాడు, ‘సెక్రటరీ బాగా లావయ్యాడ్రా’ అని. నాకు కోపం వచ్చింది. నూనె, కందిపప్పు ధరలు పెరిగాయి, రసీదులన్నీ నా దగ్గరున్నాయి. ఒక్క రూపాయి కూడా నేను తినలేదు.

అర్ధరాత్రి కూర్చుని పుస్తకం మళ్లీ చూస్తే అసలు సంగతి బయటపడింది. గెస్టులు. మా బ్యాచ్ స్నేహితుల దగ్గరికి పోటీ పరీక్షలకని ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చేవాళ్లు, మెస్‌లోనే తినేవాళ్లు. గెస్ట్ భోజనం 10 రూపాయలు. నేను రాయలేదు. ‘మనవాడే కదా, ఏం రాస్తాంలే’ అనుకున్నాను. వంట మాస్టర్ గోడ మీద బొగ్గుతో గీసుకున్న గీతలు లెక్కపెడితే 94 భోజనాలు తేలాయి. 940 రూపాయలు. తలకి ఐదు రూపాయలు. పెరిగిన 65లో 60 ధరల వల్లే. కానీ ఈ ఐదు రూపాయల వల్ల ఆ అరవై మాట నేను నోరెత్తి చెప్పలేకపోయాను.

దీనికి కారణం అవినీతి అందామా? కాదు. మొహమాటం. మొహమాటం మీద మనకో సామెత ఉంది, ఈ వేదిక మీద చెప్పలేను. నవ్వుతున్నారంటే మీకు తెలుసన్నమాట. మన దగ్గర మంచివాళ్ల చేతిలో పనులు చెడేది ఎక్కువగా దీనివల్లేనని నా అనుమానం.

మర్నాడు 94 భోజనాల సంగతి కూడా రాసి రసీదులతో సహా బోర్డు మీద పెట్టాను. ఆ 940 రెండు వాయిదాల్లో నేనే కట్టాను. రిజిస్టరు నా గదిలోంచి భోజనాల హాలు గుమ్మం దగ్గరికి మారింది. గెస్టుని తెచ్చినవాడే సంతకం పెట్టాలి. ఇద్దరు స్నేహితులు నెల రోజులు నాతో మాట్లాడలేదు. కానీ అప్పటిదాకా నోరు విప్పని ఒక కెమిస్ట్రీ కుర్రాడు రోజూ సాయంత్రం వచ్చి నాతోపాటు లెక్క చూడటం మొదలుపెట్టాడు. తర్వాతి సెక్రటరీ అతనే. నాకంటే బాగా చేశాడు, ఒప్పుకోవాలి.

ఇక ఈ రోజు సంగతి. ఎన్.ఎస్.ఎస్. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ, ఏడు రోజుల క్యాంపు. ఆ గంటలు ఎలా నిండుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సర్టిఫికెట్ గడువు ముందు రోజు ఒకే పెన్నుతో ఏడాదంతా నిండిపోతుంది.

మా క్యాంపులో మొక్కలు నాటాలని ఇక్కడే నిర్ణయించుకుని వెళ్లాం. ఊళ్లో ఎవరూ కాదనలేదు. వాళ్లకీ మొహమాటమే, చదువుకున్న పిల్లలు వచ్చారని. మూడో రోజు ఒక ముసలమ్మ అడిగేసింది: ‘నాయనా, ఈటికి నీళ్లెవరు పోస్తారు? రెండు బిందెలకి మేమే బోరింగు కాడ పొద్దెక్కేదాకా నిలబడతన్నాం.’ గుంతలు తవ్వడం ఆపేశాం. బోరింగు బాగుచేయడం మాకు రాదు. అర్జీ రాయడం వచ్చు. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి మండలాఫీసుకి మూడుసార్లు తిరిగాం. క్యాంపు అయిపోయిన పదిహేను రోజులకి బోరింగు బాగయింది. ‘నేను కాదు, నువ్వు’ అన్నది ఎన్.ఎస్.ఎస్. నినాదం. ఆ మాట బ్యాడ్జీ మీద చూశాను కానీ, నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే.

నాయకత్వమంటే యూనియన్ ఎన్నికలు కదా అని కొందరు అనుకుంటూ ఉంటారు. అవీ కావాలి. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేస్తే, చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. ఆ ఉద్యమంలో ఉన్న పి.వి. నరసింహారావు కూడా అక్కడికే వెళ్లారు. వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో ఎన్నికలు లేవు. జరిగేచోట 2006 నాటి లింగ్డో కమిటీ నిబంధనలు పాటించాలి: అభ్యర్థి ఖర్చు 5,000 దాటకూడదు, ఫలితాలొచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్కలివ్వాలి. ఆ నిబంధనలన్నీ నాకు నచ్చవు. ఈ లెక్కల నిబంధన మాత్రం, మెస్ సెక్రటరీగా చేసినవాణ్ణి కదా, భలే నచ్చింది.

ఫెస్టుల గురించి ఎక్కువ చెప్పను. స్టేజీ మీద మైకు పట్టుకునేవాణ్ణి అందరూ చూస్తారు. రాత్రి ఒంటిగంటకి టెంట్ హౌస్ కుర్చీలు లెక్కపెట్టి, విరిగిన నాలుగింటి గురించి దాని యజమానితో బేరమాడేవాణ్ణి చూడండి. వచ్చే ఏడు కన్వీనర్ ఎవరో ఆ రాత్రే తెలిసిపోతుంది.

సరే, ప్రశ్నలు. ముందు వరస వాళ్లు కాసేపు ఆగాలి. వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఎర్ర చొక్కా బాబూ, ఇందాకట్నుంచి సగం చెయ్యెత్తి దించుతున్నావు. మైకు అటివ్వండి.