పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్ మన ఇంటికెప్పుడు?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు నుంచి మన వీడియోలు చూసేవాళ్లు అడిగేది ఒకటే మాట: "పంచాయతీ ఆఫీసుకి ఫైబర్ వచ్చిందన్నారు, మరి మా ఇంట్లో నెట్ ఏది?"

భారత్‌నెట్ అనే ఈ ఫైబర్ పథకం నిన్నమొన్నటిది కాదండీ. 2011 అక్టోబర్‌లో కేంద్రం ఒప్పుకుంది, అప్పట్లో పేరు నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, దేశంలో రెండున్నర లక్షల పంచాయతీలకు లైను వేస్తామన్నారు. మొదటి విడత లక్ష పంచాయతీలు అయ్యేసరికే 2017 డిసెంబర్ వచ్చేసింది. ఈ డబ్బు ఎక్కడిదంటే, ఫోన్ కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం పల్లెల కోసం పెట్టిన నిధికి కడతాయి, దాన్నే ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. కంపెనీలకి ఆ ఆదాయం మన రీచార్జుల నుంచే కదా వచ్చేది? అందుకే గట్టిగా అడగొచ్చు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, బ్లాకు నుంచి పంచాయతీకి చాలాచోట్ల ఒకే లైను వేశారు. మధ్యలో తెగిందా, ఆ అవతల ఊళ్లన్నీ పోయినట్టే. మొన్న ఒక రోడ్డు పక్కన మంచినీళ్ల పైపు కోసం జేసీబీతో తవ్విన గొయ్యి చూశాను, ఫైబర్ వేసిన నారింజ రంగు పైపు రెండు ముక్కలై, లోపలి కేబుల్ బయటికొచ్చి, వాన నీళ్లన్నీ ఆ పైపులోకే పోతున్నాయి. తవ్వే ముందు కేబుల్ వాళ్లకి చెప్పడానికి 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' అని యాప్ కూడా తెచ్చారు, జేసీబీ డ్రైవర్‌కి ఆ సంగతి ఎవరైనా చెప్పాలి కదా! ఇక పంచాయతీ ఆఫీసులో ఫైబర్ లైను వచ్చి చేరే ఆ పెట్టె. లైట్లు వెలుగుతుంటేనే నెట్ ఉన్నట్టు. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ పోతే దాన్ని మార్చే నాథుడు లేడు.

అవతల పాతపట్నం వైపు ఆంధ్రా ఫైబర్‌నెట్ వాళ్లు కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగి, మొదట్లో నెలకి 149 రూపాయలకే ఇచ్చారు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ 2018లో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లాలో స్తంభాలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లం, మన దగ్గర మెయిన్ లైను భూమిలో ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

టవర్ వేస్తే చాలదా అంటారు కొందరు. కొండ మీది గూడేలకి టవర్ కావాల్సిందే, 2022లో 24,680 గ్రామాలకి 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది కూడా అందుకే. రేషన్ మిషన్ మీద వేలు పెట్టి, సిగ్నల్ లేక ఆ ముసలమ్మలు పూటంతా కూర్చుంటున్నారు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ ఇంటిల్లిపాదీ వాడుకునే నెట్, పిల్లల చదువు, బడికీ ఆసుపత్రికీ నిలకడైన లైను కావాలంటే ఫైబరే దిక్కు.

ఇప్పుడు అసలు విషయం, ఇది జాగ్రత్తగా వినండి. 2023 ఆగస్టులో భారత్‌నెట్‌ని మార్చి, 1,39,579 కోట్లతో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి లైను రింగులా వేస్తారు, ఒక పక్క తెగినా రెండో పక్క నుంచి వస్తుంది. పదేళ్ల నిర్వహణ కూడా అందులోనే ఉంది, ఊళ్లలో కోటిన్నర ఇళ్లకి కనెక్షన్లు ఇస్తామన్నారు. పంచాయతీ కేంద్రం కాని 3.8 లక్షల గ్రామాలకి మాత్రం "అడిగితే" ఇస్తారట. అంటే అడగని ఊరికి రాదు!

కాబట్టి మీ ఊరు పంచాయతీ కేంద్రం కాకపోతే, వచ్చే గ్రామసభలో కాగితం మీద రాసి సర్పంచ్‌కి ఇవ్వండి. ఎన్ని ఇళ్లు కనెక్షన్ తీసుకుంటాయో, బడి, అంగన్‌వాడీ, రేషన్ షాపు ఎక్కడున్నాయో రాయండి, ఆఫీసులో పెట్టె పనిచేయకపోతే అదీ రాయండి. ఒడియాలో రాయడం మీకు రాకపోతే బడికెళ్లే మన పిల్లలు చక్కగా రాసిపెడతారు. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద పంచాయతీ ముద్ర, తేదీ వేయించుకోకుండా ఇంటికి రావద్దు.