మిల్ రివర్: పైన అడవి, కింద కంచె

అందరికీ నమస్కారం.

ఈ రోజు చెప్పబోయేది అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని మిల్ రివర్ గురించి. చెషైర్ వైపు పుట్టి, హామ్డెన్ మీదుగా దక్షిణానికి వచ్చి, న్యూ హేవెన్‌లో క్వినిపియాక్ నదితో కలిసి సముద్రం చేరుతుంది. నది అన్నానని గోదావరిలా ఊహించుకోకండి. చాలాచోట్ల ఇది ఒక మోస్తరు వాగు. కానీ ఈ వాగు ఒడ్డున జరిగిన పని తక్కువది కాదు.

న్యూ హేవెన్ ఊరు 1638లో పుట్టింది. అంతకుముందు ఈ నేలంతా క్వినిపియాక్ ప్రజలది. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్న కొద్దికాలానికే ఈ ఏటి మీద పిండిమర పెట్టారు. ఈస్ట్ రాక్ అనే కొండ పక్కన ఏరు మెట్టు దిగినట్టు కిందికి దిగుతుంది. మర తిరగాలంటే కావాల్సింది అదే. అక్కడి నుంచి కిందంతా దాదాపు సముద్ర మట్టమే, నీళ్లున్నా తోసే బలం ఉండదు.

అదే చోటును 1798లో ఇలై విట్నీ పట్టుకున్నాడు. పత్తి గింజ తీసే జిన్‌కు 1794లో పేటెంట్ తీసుకున్న మనిషి. ఆ పేటెంట్ మీద కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయి, రెండేళ్లలో 10,000 తుపాకులు చేసిస్తానని ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నాడు. పూర్తయ్యేసరికి 1809 వచ్చింది. ఒక తుపాకీ భాగం తీసి ఇంకోదానికి బిగించవచ్చని ఆయన గొప్పగా ప్రచారం చేసుకున్నాడు. మిగిలిన ఆ తుపాకులను తర్వాతి చరిత్రకారులు పట్టి చూస్తే అవి అంత ఇట్టే మారేవి కావని తేలింది. కాంట్రాక్టర్ల లెక్కలు అప్పుడూ అంతే. అయితే నీటి చక్రంతో యంత్రాలు తిప్పుతూ, పనిని ముక్కలుగా విడగొట్టి చేయించడం అన్న పద్ధతి ఇలాంటి చోట్లే స్థిరపడింది. ఆయన కొడుకు, చిన్న ఇలై విట్నీ, 1847లో కోల్ట్ కంపెనీ కోసం 1,000 రివాల్వర్లు ఇక్కడే చేయించాడు.

నా దృష్టిలో అసలు కథ తుపాకులది కాదు, ఆ కొడుకు కట్టించిన ఆనకట్టది. 1860ల మొదట్లో పాత ఆనకట్ట స్థానంలో ఎత్తయినది లేచింది. వెనక నిలిచిన నీళ్లే లేక్ విట్నీ. ఆ నీళ్లు న్యూ హేవెన్‌కు తాగునీరయ్యాయి. తాగునీటి చెరువు గట్టు మీద ఇష్టమొచ్చినట్టు ఫ్యాక్టరీలు కట్టనివ్వరు కదా. కాబట్టి ఆ మేర ఏరు బతికిపోయింది. దాని కింద ఈస్ట్ రాక్ ఉంది: సుమారు 110 మీటర్ల ఎత్తున, భూమి లోపలే కరిగిన రాయి గట్టిపడి ఏర్పడిన నల్లరాయి. అందులోని ఇనుము తుప్పు పట్టి పైకి ఎర్రగా కనిపిస్తుంది. నిట్టనిలువు కొండ మీద ఇళ్లు కట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు. 1880లలో అది పార్కు అయింది. పర్యావరణం అన్న మాట ఎవరి నోటా లేని కాలంలో, ఒకచోట దాహం, ఇంకోచోట కొండ కలిసి ఏటి పై భాగాన్ని కాపాడాయి. మే నెల మొదట్లో అక్కడికి వెళ్లి చూడండి. దక్షిణం నుంచి రాత్రంతా ఎగిరి వచ్చిన వార్బ్లర్లు, బొటనవేలంత పిట్టలు, ఏటి పక్క చెట్లలో దిగుతాయి. పొద్దున్నే బైనాక్యులర్లు పట్టుకున్న జనం మెడలు నొప్పెట్టేదాకా పైకి చూస్తూ నిలబడి ఉంటారు.

స్టేట్ స్ట్రీట్ దాటాక సీన్ మారిపోతుంది. ఒకప్పుడు అదంతా ఉప్పు చిత్తడి నేల. మట్టి పోసి పూడ్చారు. ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు, తర్వాత ఐ-91 హైవే వచ్చాయి. ఏరు గోడల మధ్య ఇరుక్కుపోయింది.

అక్కడే ఏటికి అడ్డంగా పోటు గేట్లు ఉన్నాయి. అవి పనిచేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. పై అంచున కీలుతో వేలాడే తలుపులు. ఆటు సమయంలో ఏటి నీరు తోస్తే తెరుచుకుంటాయి, పోటు వచ్చి సముద్రం తోస్తే మూసుకుంటాయి. కరెంటు లేదు, కాపలావాడు లేడు. వరద ఆపడానికి భేషైన ఉపాయం. కానీ ఉప్పునీరు పైకి రాకపోతే స్పార్టినా అనే చిత్తడి గడ్డి నిలదొక్కుకోదు, దాని స్థానంలో మనిషిని మించిన ఎత్తున ఫ్రాగ్మైటిస్ రెల్లు పాకిపోతుంది. పైగా ఎండిన చిత్తడి నేల కుంగిపోతుంది, అందులోని గంధకం గాలి తగిలి ఆమ్లంగా మారుతుంది. అందుకని ఇలాంటి చోట్ల ఈ మధ్యకాలంలో తలుపులు మారుస్తున్నారు. కొత్తవాటికి తెప్పలాంటి బుడగ ఉంటుంది. మామూలు పోటును లోపలికి రానిస్తాయి, నీటిమట్టం హద్దు దాటితేనే మూసుకుంటాయి.

దీంతో చేపలకూ దారి దొరుకుతుంది. ఏల్‌వైఫ్, బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే చేపలు సముద్రంలో పెరిగి, వసంతంలో గుడ్లు పెట్టడానికి ఏట్లోకి ఎదురీదుతాయి. మన పులసకు దూరపు చుట్టాలే. వీటి సంఖ్య ఎంత పడిపోయిందంటే కనెక్టికట్‌లో 2002 నుంచి వీటిని పట్టడమే నిషేధం. మొదట దెబ్బ కొట్టింది ఆ మర ఆనకట్టలే. అదే రాష్ట్రంలో స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్లోనూ మిల్ రివర్ పేరుతో ఒక పార్కు ఉంది. అక్కడ ఊరి నడిబొడ్డున ఉన్న ఆనకట్టను 2009లో తీసేసి, గోడల మధ్య ఉన్న ఏటికి మళ్లీ ఒడ్డులు ఇచ్చారు. ఇక్కడ లేక్ విట్నీని అలా తీసేయడం కుదరదు. 1991లో ఆపేసిన తాగునీటి సరఫరాను 2005లో కొత్త శుద్ధి కేంద్రం కట్టి మళ్లీ మొదలుపెట్టారు. ఆ కేంద్రం చాలావరకు భూమిలోపలే ఉంటుంది, పైన గడ్డి.

ఇక నడకబాట సంగతి. ఈస్ట్ రాక్ నుంచి, మిల్ రివర్ క్వినిపియాక్ నదితో కలిసే క్రిస్క్యువోలో అనే పార్కు వరకు ఏటి వెంట బాట వేయాలన్నది ఆలోచన. దూరం రెండు మైళ్లు కూడా ఉండదు. ఇంత చిన్న బాటకు ఇంత టెన్షన్ ఎందుకు? న్యూ హేవెన్‌లోనే ఇంకో బాట చూడండి. ఫార్మింగ్టన్ కాలువ మీద తర్వాత రైలు వేశారు, రైలు ఆగిపోయాక అది బాట అయింది. అక్కడ దారి ముందే ఉంది, ఒకే చేతిలో తెగకుండా ఉన్న పట్టీ. ఏటి ఒడ్డు అలా కాదు. ఒక్కో ఫ్యాక్టరీ తన కాంపౌండు గోడను నీళ్లదాకా కట్టుకుంది. ఒక్కొక్క యజమానితో ఒక్కొక్క బేరం.

అన్నిటికన్నా పెద్ద ముడి బాల్ ఐలాండ్ అనే లంక మీద ఉంది. 1929లో కట్టిన ఇంగ్లిష్ స్టేషన్ అనే విద్యుత్ కేంద్రం 1992లో మూతపడి అలాగే నిలబడి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీలు అనే విష రసాయనాలు నేలలోకి ఇంకాయి. వాటి తయారీని అమెరికా 1979లో నిషేధించింది, కానీ అవి అంత తొందరగా కుళ్లి పోయేవి కావు. శుభ్రం చేయడానికి 3 కోట్ల డాలర్లు వెచ్చించాలని 2016లో ఒప్పందం కుదిరింది. అలాంటి మట్టి మీద మొక్కలు నాటి ఫొటో దిగితే సరిపోదు, గునపం వేసేముందు ల్యాబ్ రిపోర్టు కావాలి.

ముందు ఏ ముక్క కట్టాలని నన్నడిగితే, కింది నుంచి మొదలుపెట్టాలంటాను. పైన ఈస్ట్ రాక్ వాళ్లకు అడవి ఉంది, బాట ఉంది, పిట్టలున్నాయి. కింద ఫెయిర్ హేవెన్ అనే పేటలో కూలి పనులు చేసుకునే కుటుంబాలకు, పక్కనే ఏరున్నా, కంచెల సందుల్లోంచి చూడటమే. కాకపోతే బాట వచ్చాక అద్దెలూ పెరుగుతాయన్న వాళ్ల భయం ఉత్త అనుమానం కాదు, చాలా నగరాల్లో అదే జరిగింది. అందుకే బాట ప్లానుతో పాటే, ఆ వీధుల్లో అందుబాటు అద్దె ఇళ్లు ఎన్ని ఉంచుతారో కూడా నగరపాలక సంస్థ అదే కాగితం మీద రాయాలి, బాటకు నిధులు విడుదలయ్యేలోపే.