ఫ్యూజ్ మార్చినా మళ్లీ పోతోందా? 5200–1943 ఆంప్లిఫైయర్ రిపేర్

[దృశ్యం: మూత తీసిన ఆంప్లిఫైయర్. హీట్ సింక్ మీద ట్రాన్సిస్టర్ల వరస, పక్కన నల్లబడ్డ రెసిస్టర్.]

స్విచ్ వేయగానే ఫ్యూజ్ టప్పుమంది. కొత్తది వేస్తే అదీ పోయింది. ఈసారి రాగి తీగ చుట్టి చూద్దాం అనుకుంటున్నారేమో, ఆ పని మాత్రం చేయకండి. ఇప్పటిదాకా పోయినవి ట్రాన్సిస్టర్లే. తీగ చుట్టారంటే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోతుంది.

బల్ల మీదున్నది 2ఎస్‌సి5200, 2ఎస్‌ఏ1943 ట్రాన్సిస్టర్ల స్టీరియో సెట్. ఛానెల్‌కు రెండు జతలు (జతంటే ఒక 5200, ఒక 1943), సప్లై ప్లస్ 45, మైనస్ 45 వోల్టులు. అసెంబుల్డ్ సెట్లలో, మైక్‌సెట్ల వాళ్ల దగ్గర తరచూ కనిపించే రకమే.

ముందు ప్లగ్ తీసి, స్పీకర్లు ఊడదీయండి. ప్లగ్ తీసినా 10,000 మైక్రోఫారడ్ ఫిల్టర్ కండెన్సర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి నిప్పురవ్వలు రేపకుండా, 100 ఓమ్ 10 వాట్ రెసిస్టర్‌ని క్లిప్పులతో ఒక్కో కండెన్సర్‌కు పది సెకన్లు తగిలించండి. ఒక వోల్టు లోపుకు దిగిందో లేదో మీటర్‌తో చూశాకే చేయి పెట్టండి.

స్పీకర్ ఎందుకు తీయమన్నానంటే, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 45 వోల్టుల డీసీ నేరుగా కాయిల్‌కు వెళ్తుంది. 8 ఓమ్ స్పీకర్ కాయిల్ మీటర్‌లో సుమారు 6 ఓమ్సే చూపిస్తుంది. అంటే ఏడున్నర ఆంపియర్లు, 330 వాట్లకు పైగా వేడి. కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది.

[దగ్గరి దృశ్యం: మీటర్ డయోడ్ మోడ్‌లో.]

అక్షరాలు మనవైపు ఉండగా కాళ్లు ఎడమ నుంచి బేస్, కలెక్టర్, ఎమిటర్. కలెక్టర్–ఎమిటర్ మధ్య మీటర్ బీప్ కొడితే షార్ట్. ఛానెల్‌లో ఒకే రకం ట్రాన్సిస్టర్లు రెండు పక్కపక్కన కలిసే ఉంటాయి కాబట్టి ఒకటి షార్టయినా రెండూ షార్ట్ అనే చూపిస్తుంది. నాలుగూ విప్పి విడిగా కొలవండి. మంచిదైతే బేస్ నుంచి మిగతా రెండు కాళ్లకూ 0.5, 0.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. కలెక్టర్–ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ఏమీ చూపించదు. 5200కి ఎర్ర ప్రోబ్ బేస్ మీద, 1943కి నల్ల ప్రోబ్.

చాలామంది ఇక్కడ పోయినవి మార్చేసి స్విచ్ వేస్తారు. కొత్త జతలు కూడా పోయేది అప్పుడే. షార్టయిన ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్ బేస్‌తో కలిసిపోతే, 45 వోల్టులు వెనక్కి బేస్ లైన్‌లోకి తోసుకుపోతాయి. ముందు బేస్ రెసిస్టర్, తర్వాత డ్రైవర్ ట్రాన్సిస్టర్ (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను నడిపేది), ఆ తర్వాత బయాస్ ట్రాన్సిస్టర్ (పాట లేనప్పుడు వాటిలో పారే కొద్దిపాటి కరెంటును, అంటే బయాస్‌ను, అదుపులో ఉంచేది). అదే వరసలో అన్నీ కొలవండి. ఎమిటర్ల దగ్గరుండే 0.22 ఓమ్ 5 వాట్ సిమెంట్ రెసిస్టర్ల అసలు విలువ మామూలు మీటర్‌కు అందదు. ప్రోబ్ వైర్లదే అంత ఉంటుంది. ఓపెన్ అయ్యాయా లేదా అన్నది తెలిస్తే చాలు. రంగు పట్టీలు మాడిపోయిన రెసిస్టర్ విలువ కోసం రెండో ఛానెల్ చూడండి. స్టీరియో సెట్‌లో సగం సర్క్యూట్ డయాగ్రం అదే.

అసలెందుకు పోయాయి? వినాయక చవితి పందిరిలో ఒక ఛానెల్‌కు నాలుగు 8 ఓమ్ బాక్సులు పారలల్‌గా కలిపితే లోడ్ 2 ఓమ్స్. రెండు జతలు దాన్ని మోయలేవు. బయాస్ ట్రాన్సిస్టర్ హీట్ సింక్‌ను వదిలేసి గాల్లో ఉంటే, వేడెక్కే కొద్దీ కరెంటు పెరుగుతూనే పోతుంది. ప్రీసెట్‌నూ (బయాస్ సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) అనుమానించండి: అది బయాస్ ట్రాన్సిస్టర్ కలెక్టర్–బేస్ మధ్య ఉన్న డిజైన్‌లో, దుమ్ము పట్టి మధ్య కాలు కాంటాక్ట్ పోయిందంటే బయాస్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఆ ఛానెల్‌లో నాలుగు ట్రాన్సిస్టర్లూ కొత్తవే వేయండి, ఒకటి బాగున్నట్టు కనిపించినా సరే. వీటిలో నకిలీలు ఎక్కువ. లోపల చిన్న చిప్ పెట్టిన నకిలీ మీటర్ పరీక్షలో చక్కగా పాసై, వాల్యూమ్ పెంచగానే పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ధర మరీ తక్కువైతే వదిలేయండి. ట్రాన్సిస్టర్ కింద ఇన్సులేషన్‌కు పెట్టే మైకా రేకు పగిలితే మార్చి, హీట్ సింక్ పేస్ట్ పల్చగా రాసి, కలెక్టర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య బీప్ లేదని చూసుకోండి.

[దృశ్యం: సిరీస్ బోర్డు, 100 వాట్ ఫిలమెంట్ బల్బ్.]

సిరీస్ బోర్డులో కరెంటు బల్బ్ గుండానే సెట్‌కు వెళ్తుంది, లోపల షార్ట్ ఉంటే బల్బ్ వెలుగుతుంది. దీనికి ఎల్ఈడీ బల్బ్ పనికిరాదు. ముందు ఒక్క జతే బిగించండి, ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలపండి. ప్రీసెట్ బేస్–ఎమిటర్ మధ్య ఉంటే ఎక్కువ ఓమ్స్ దగ్గర, కలెక్టర్–బేస్ మధ్య ఉంటే తక్కువ ఓమ్స్ దగ్గర పెట్టండి. సిరీస్ బోర్డు మీద స్విచ్ వేస్తే బల్బ్ ఒకసారి వెలిగి మసకబారాలి. అలాగే వెలుగుతూ ఉంటే ఆపి, కండెన్సర్లు మళ్లీ డిశ్చార్జ్ చేసి, బోర్డుకు వెళ్లే సప్లై వైర్లు తీసి చూడండి. అప్పుడూ వెలిగితే బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్లు), ఫిల్టర్ కండెన్సర్లు, ట్రాన్స్‌ఫార్మర్ చూడాలి; మసకబారితే తప్పు బోర్డులోనే.

అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వోల్టుల్లో ఉంటే ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల జత, ఫీడ్‌బ్యాక్ కండెన్సర్ చూడండి. బాగుంటే రెండో జత వేసి, మళ్లీ బల్బ్ మీదే ఒకసారి నడిపి, ఆ తర్వాత నేరుగా సప్లై ఇవ్వండి. ఒక 0.22 ఓమ్ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులు వచ్చేలా ప్రీసెట్ తిప్పండి, అంటే సుమారు 45 మిల్లీఆంపియర్లు. పావుగంట తర్వాత మళ్లీ కొలవండి. ఆగకుండా పెరుగుతుంటే బయాస్ ట్రాన్సిస్టర్ బిగింపు చూడాలి. పాట లేకుండానే హీట్ సింక్ కాలుతుంటే అవుట్‌పుట్ దగ్గరి 10 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ చూడండి. అవి పోతే ఆంప్లిఫైయర్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవ్వచ్చు, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టించుకోవచ్చు.

స్పీకర్ ప్రొటెక్షన్‌కు యూపీసీ1237 ఐసీతో నడిచే రిలే బోర్డు పెడుతున్నారా? మామూలు రిలే 30 వోల్టుల డీసీ రేటింగ్‌దే. 45 దగ్గర కాంటాక్టులు విడిపోయినా మధ్యలో ఆర్క్ (గాల్లో కరెంటు మెరుపు) నిలబడిపోవచ్చు. అందుకే స్పీకర్‌ను రిలే కామన్ కాలికి, ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్‌ను నార్మల్లీ ఓపెన్ కాలికి కలిపి, నార్మల్లీ క్లోజ్డ్ కాలిని గ్రౌండ్‌కు వేయండి. ఆర్క్ వచ్చినా కరెంటు గ్రౌండ్‌కే పోతుంది, ఫ్యూజ్ పోతుంది, స్పీకర్ మిగులుతుంది.