పొలిమేర రాయి సాక్ష్యం

సభకు నమస్కారం.

గుడిలోని శాసనానికి మనమిచ్చే గౌరవంలో నూరోవంతు కూడా పొలిమేర రాయికి ఇవ్వం. అయినా మన ఉత్తరాంధ్ర ఎల్లలు ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవాలంటే ఆ రాళ్ల దగ్గరికే వెళ్లాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ముఖలింగం ప్రాంతం నుంచి కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల తామ్రశాసనాలు దానమిచ్చిన గ్రామం హద్దులను చెట్టు, పుట్ట, గుంట, రాయి అంటూ దిక్కుల వరుసలో చెప్పుకుపోతాయి. చెట్టు కూలుతుంది, పుట్ట కరుగుతుంది. అందుకే మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం మరొక జాగ్రత్త చెప్పింది: రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, కుండపెంకులు, బొగ్గులు వంటి, నేల త్వరగా తినెయ్యలేని వస్తువులను హద్దు వెంట గుట్టుగా పాతిపెట్టాలి, తగాదా వస్తే సాక్షులు ఎర్రబట్టలు కట్టుకుని, పూలదండ వేసుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని, తమ పుణ్యం మీద ఒట్టేసి హద్దు తేల్చాలి. అంటే రాయి ఒక్కటే చాలదని, దాన్ని ఎరిగిన మనుషులూ ఉండాలని ఆనాడే గ్రహించారన్నమాట.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీ రెండు ముక్కలై, రాజుగారి పట్నం అటు, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. బంధుత్వాలు మాత్రం మహేంద్రతనయ నదికి రెండు ఒడ్డులా అలాగే సాగాయి. అక్కడ ఎల్ల ఎక్కడుందో కనీసం అందరికీ తెలుసు. సాలూరు కొండల మీది కొటియా గ్రామాల సంగతి అలా కాదు. ఆ ఊళ్లు ఎవరివన్న ఆంధ్ర, ఒరిస్సాల వివాదంపై ఒరిస్సా 1968లో సుప్రీంకోర్టుకెక్కగా, 2006లో కేసు ముగిసింది గాని హద్దు తేలలేదు. అక్కడి గిరిజనులకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, రెండు వైపులా ఓట్లూ ఉన్నాయంటే, తేలని హద్దు భారం ఎవరి మీద పడుతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

సర్వే రాయిని చెరిపినా జరిపినా 1860 నాటి శిక్షాస్మృతి 434వ సెక్షను ఏడాది వరకూ జైలు విధించింది. అయినా నాగలి తగిలి ఒరిగిపోయినవి, బట్టలుతికే బండలైనవి మన పల్లెల్లో ఎన్నో కనిపిస్తాయి. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో చోటును కొలిచే రోవర్లు వచ్చాయి. కొలతలో అవి పాత సర్వే గొలుసు కంటే ఎంతో మెరుగు, కాదనను. నేను కోరేది ఒక్కటే. కొత్త రాయి నాటేముందు పాత రాయి ఫొటోను, అది నిలిచిన చోటు కొలతలను గ్రామ సర్వేయరు నమోదు చెయ్యాలి. మూడు ఊళ్లు కలిసే చోట అయితే, ఆ మూడు ఊళ్ల పెద్దలనూ అక్కడికి పిలిపించి, వాళ్లు చెప్పింది కూడా ఆ కాగితం మీదే రాయించాలి.