ఫోన్‌లో ట్రైలర్ నుంచి హాల్లో సీటు దాకా

సభకు నమస్కారం.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం నుంచి వచ్చిన మీలో చాలామంది చిన్న సినిమాలకు సోషల్ మీడియా ప్రచారం చూసుకుంటున్నవారే. అందుకే ఒక్క సంగతి మీదే మాట్లాడతానండి. ట్రైలర్‌కు వ్యూస్ వచ్చినంత మాత్రాన టికెట్టు తెగదు. ఫోన్‌కూ హాలుకూ మధ్య పెద్ద దారే ఉంది. ఆ దారిలో గండ్లు ఎక్కడ పడతాయో చూద్దాం.

ముందు వ్యూ అంటే ఏమిటో తెలియాలి. యూట్యూబ్‌లో స్కిప్ చేయగలిగే ప్రకటనగా ట్రైలర్ వేస్తే, 30 సెకన్లు చూసినప్పుడు వ్యూ పడుతుంది. షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, లెక్కలోకి వచ్చేస్తోంది. ఈ రెండు రకాల అంకెలూ కలిపేసి ‘మిలియన్’ పోస్టరు వేసుకుంటే మోసపోయేది మనమే. చూడాల్సింది యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గీత, అంటే ఏ సెకను దాకా ఎంతమంది చూస్తూ ఉన్నారో చూపే గీత. రెండు నిమిషాల ట్రైలర్‌లో ఇరవయ్యో సెకను లోపలే గీత జారిపోయిందంటే, మొదట్లో వరసపెట్టిన బ్యానర్ లోగోలే కారణం కావచ్చు. వాటిని చివరికి నెట్టండి. మొదటి మూడు సెకన్లలో ఒక ముఖమో, ఒక మాటో పడాలి. చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు కాబట్టి డైలాగు కింద తెలుగు అక్షరాలు వెయ్యండి. రీల్స్‌కు 1080 బై 1920 నిలువు సైజు వాడండి. అడుగు భాగం బటన్లూ క్యాప్షన్ కిందకు పోతుంది, పేరూ తేదీ అక్కడ పెట్టొద్దు.

ఫైలు ముందు రోజే ఎక్కించి షెడ్యూల్ చెయ్యండి. ఎక్కించిన వెంటనే తక్కువ క్వాలిటీయే కనబడుతుంది, హెచ్‌డీ తయారవడానికి టైము పడుతుంది. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వేసిన ఎవరిదో మ్యూజిక్ అలాగే మిగిలిపోతే కాపీరైట్ క్లెయిమ్ కూడా అప్పుడే బయటపడుతుంది.

తేదీ విషయం ఇంకా ముఖ్యం. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో ఫైలు స్థానంలో మరో ఫైలు పెట్టలేం. టైటిల్, థంబ్‌నెయిల్, వివరణ మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ట్రైలర్ మీదే తేదీ వేసేశాక సినిమా వాయిదా పడితే, తీసేస్తే వ్యూసూ కామెంట్లూ పోతాయి, ఉంచితే పాత తేదీ ఊరంతా తిరుగుతుంది. అందుకని తేదీ టైటిల్‌లో రాయండి, వీడియోలో వద్దు. ప్రతి పోస్టరూ తేదీతో ఒకటి, తేదీ లేకుండా ఒకటి దాచుకోండి.

మన డెల్టాలో డబ్బు ఎక్కువగా కారిపోయే చోటు మరొకటి ఉంది. ప్రకటన పెట్టేవాళ్లు ఎక్కడో కూర్చుని ప్రకటన ఎవరికి కనబడాలో చెప్పడానికి మ్యాప్ మీద రాజోలు చుట్టూ పాతిక కిలోమీటర్ల వృత్తం గీస్తారు. నరసాపురం అందులోనే ఉంటుంది. కానీ మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ ఉందండి! సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు ఎక్కాలి, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. సెకండ్ షో చూసి ఆ దారిన అర్ధరాత్రి ఇంటికి ఎవరొస్తారు? పైగా సినిమా వ్యాపారం లెక్కలో కోనసీమ ఈస్టు గోదావరి, నరసాపురం వెస్టు గోదావరి. ఆ ఏరియాల హక్కులు కొన్న బయ్యర్లు వేరువేరైతే ఒకరి ప్రచారం డబ్బు ఇంకొకరి ఊళ్లో ఖర్చవుతుంది, లెక్కల దగ్గర తగువు మొదలవుతుంది. కాబట్టి పెద్ద వృత్తం మానేసి ఊరికో పిన్ పెట్టి చిన్న వృత్తాలు గీయండి, ఎదుటి ఒడ్డును మినహాయించండి. మెటా, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో రెండూ కుదురుతాయి. లక్ష రూపాయలుంటే 60 వేలు చివరి పది రోజులకు ఉంచండి. అందులో సగం విడుదల వారంలో బుధవారం సాయంత్రం నుంచి శనివారం దాకా ఖర్చు పెట్టండి.

ఎందుకు బుధవారం? చిన్న సినిమాకు ఏ ఊళ్లో ఏ హాలు దొరికిందో తేలేది చాలాసార్లు అప్పుడే. ‘మీ దగ్గరి థియేటర్లలో’ అన్న పోస్టరు ఎవరినీ కదిలించదు. ఊరి పేరు, హాలు పేరు, నాలుగు ఆటల టైములు, బుకింగ్ లింకు ఉన్న పోస్టరు కదిలిస్తుంది. ఊరికొకటి విడిగా చేయించండి. వాట్సాప్‌లో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేయగలం. చేతులు మారీ మారీ ఎక్కువ తిరిగితే ఇక ఒక్క చాట్‌కే. అదే పోస్టరును తిప్పుతూ కూర్చోకుండా, హాలువాళ్ల చేత కొత్తగా పంపించండి.

హాష్‌ట్యాగ్ ట్రెండు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. యాభై ఐడీల నుంచి ఒకే వాక్యం కాపీ చేసి పెడితే స్పామ్ కింద పోతుంది. మీమ్ పేజీకో, రివ్యూ చెప్పేవారికో డబ్బిస్తే అది ప్రకటన అని పోస్టులో స్పష్టంగా రాయించండి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 నుంచి అడుగుతున్నది ఇదే. జనం పసిగట్టాక మంచి మాటను కూడా నమ్మరు.

కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లినవారున్న ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. గల్ఫ్‌లో గురువారం ఆట పడితే, శుక్రవారం మార్నింగ్ షోకి ముందే టాక్ ఇంటి గ్రూపులోకి వచ్చేస్తుంది. దుబాయ్ మనకు గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక. ట్రైలర్ టైము ఆ లెక్క చూసుకుని పెట్టండి, వాళ్లు పని దిగి ఫోన్ పట్టుకునే వేళకు అందాలి.

విడుదల రోజు అభిమానులు టైటిల్స్ పడుతుంటే వీడియో తీసి స్టేటస్ పెడతారు. సరదాగానే చేస్తారు కానీ, 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హాల్లో సినిమాను రికార్డు చేయడం నేరం. కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. మన పిల్లలు తెలియక ఇరుక్కోకూడదు. ఈ మాట గురువారం రాత్రే హాళ్ల జాబితాతో పాటు అభిమానుల గ్రూపులకు పంపించండి.