లెక్క సరిపోయింది, నీళ్లొచ్చాయా?

సభకు నమస్కారం.

ఆడిట్ అనగానే బిల్లులు, వోచర్లు గుర్తొస్తాయి. డబ్బు రూలు ప్రకారం ఖర్చయిందా అని చూసే ఆడిట్ అది. పనితీరు ఆడిట్ ఇంకాస్త లోపలికి వెళ్తుంది. పొదుపుగా కొన్నారా, కొన్నదాన్ని సరిగా వాడారా, అనుకున్న మేలు జనానికి అందిందా అని అడుగుతుంది. నాకు ఆ చివరి ప్రశ్నే ప్రాణం.

గంగా నది శుద్ధి కోసం తెచ్చిన నమామి గంగే పథకం మీద కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ, 2017లో నివేదిక ఇచ్చింది. స్వచ్ఛ గంగా నిధిలో చేరిన 198 కోట్ల రూపాయలు ఆ ఏడాది మార్చి 31 నాటికి బ్యాంకుల్లోనే ఉండిపోయాయని అందులో ఉంది. కారణం, కార్యాచరణ ప్రణాళిక ఖరారు కాకపోవడం. ఎవరూ తినలేదు, పైసా పోలేదు. వోచర్లు మాత్రమే చూసేవారికి అక్కడ తప్పే కనిపించదు. అవతల మురుగు మాత్రం నదిలో కలుస్తూనే ఉంది.

ఇక మన గోదావరి. కాళేశ్వరం ఎత్తిపోతలపై కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకొచ్చింది. కేంద్ర జల సంఘానికి 81,911 కోట్లని చెప్పిన ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని, పెట్టిన రూపాయికి దక్కే ప్రయోజనం 52 పైసలేనని తేల్చింది. ముందు చూపిన లెక్క రూపాయికి రూపాయిన్నర! 2022 మార్చి నాటికి 40,888 ఎకరాలకే ఆయకట్టు సిద్ధమైందనీ రాసింది. ఏ పార్టీ వాళ్లయినా సరే, ఈ అంకెలు చదివి బాధపడాలి. నివేదిక సభకు వచ్చేసరికి ఆ పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి నాలుగు నెలలు కావస్తోంది.

ఈ ఆలస్యానికి మూలం ఒకటుంది. కాగ్ నివేదికల్ని చట్టసభ ముందు పెట్టించాలని రాజ్యాంగం 151వ అధికరణం చెబుతుంది. ఎన్ని రోజుల్లో అన్నది మాత్రం చెప్పదు. ప్రభుత్వం చేతికి అందిన నివేదిక నెలల తరబడి బీరువాలో ఉన్నా గడువు దాటిందని అడగడానికి గడువే లేదు. ఆ గడువు చట్టంలో రాయాలి. ఇది నా మొదటి కోరిక.

రెండోది మన ఊళ్లకు తెలిసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. శిక్షణ పొందిన పల్లె యువత మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని గడప గడపకూ వెళ్లారు. "పెద్దమ్మా, ఎన్ని రోజులు పనికి పోయినవ్? ఎంత చేతికొచ్చింది?" అని అడిగారు. టేపు పట్టి కందకాలు కొలిచారు. మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే అంతా చదివి వినిపించారు. పక్కదారి పట్టిందని తేలిన సొమ్ములో వసూలైంది తక్కువే, ఒప్పుకోవాలి. అయినా తన పేరు మీద ఎవరు ఎంత రాసుకున్నారో ఆ పెద్దమ్మ తన భాషలో, తన చెవులతో వింది.

నీళ్లకూ అదే కావాలి. నీటిలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్ కొలతను బీఓడీ అంటారు; అది ఎక్కువుంటే మురికి ఎక్కువని అర్థం. స్నానానికి పనికొచ్చే నదీజలంలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. మురుగు శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటిలో అది ఎంత, బయటికి పోయే నీటిలో ఎంత, దిగువన నదిలో ఎంత అన్నది ప్రతి నెలా తెలుగులో గేటు దగ్గర బోర్డు మీద రాయమని మున్సిపాలిటీని అడుగుదాం. ఆ వినతిపత్రం ఇక్కడే బల్ల మీద ఉంది. వెళ్లేముందు చదివి, సరే అనిపిస్తే సంతకం పెట్టండి.