యానిస్ కథ చెబుతూ యానాంలో పులస బేరం | రాజోలు వ్లాగ్

హాయ్ అండి, అందరికీ నమస్కారం. ఈ వారం అమెరికాలో మేముండే మిల్వాకీ నుంచి కాదండి, మా రాజోలు నుంచి. పులస కోసం పొద్దున్నే యానాం బయల్దేరాం. కార్లో నేను, నాన్న, పిన్ని కొడుకు. వాడు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతూ కాలేజీ టీముకి బాస్కెట్‌బాల్ ఆడతాడు. "యానిస్ ఆడిన ఊళ్లో ఉంటూ కందిపప్పు రేట్లు చూపిస్తావేంటక్కా!" అని ఒకటే గోల. కందిపప్పు వీడియోకే వ్యూస్ వచ్చాయి మరి, నన్నేం చెయ్యమంటారు?

సరే, నాన్నకి ఈ ఆట తెలీదు కాబట్టి మొదట్నుంచి చెప్పాను. యానిస్ అంటెటోకూంపో 1994లో ఏథెన్స్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు నైజీరియా నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వెళ్లినవాళ్లు. అన్నదమ్ములు వీధుల్లో కళ్లజోళ్లు, వాచీలు అమ్మేవారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త కుర్రాళ్లని జట్లు వరసలో ఎంచుకుంటాయండి, డ్రాఫ్ట్ అంటారు. 2013లో మిల్వాకీ బక్స్ ఇతన్ని 15వ వాడిగా తీసుకుంది. ఆ సీజన్లో 82 ఆటలాడి 15 గెలిచారు, అంతే.

నాన్న ఊఁ కొడుతున్నారు గానీ చూపంతా గోదారి మీదే. ఎర్రనీరు ఎంత దిగిందా అని.

ఆ మొదటి సీజన్లోనే ఒకరోజు, చేతిలో ఉన్నదంతా వెస్ట్రన్ యూనియన్లో ఇంటికి పంపేశాడు. ట్యాక్సీకి డబ్బుల్లేవు. ఆట టైమైపోతోంది. స్టేడియం వైపు పరుగు! దారిలో ఎవరో భార్యాభర్తలు చూసి కారెక్కించుకున్నారు. మన దగ్గరైతే చెయ్యెత్తితే షేర్ ఆటో ఆగుద్ది, లేదా ఎవరో ఒకరు బండాపి "ఎక్కమ్మా" అంటారు. అక్కడ చలికాలం రోడ్డు మీద పలకరిద్దామన్నా మనిషి కనపడడు. వెళ్లిన కొత్తలో నేనూ బస్టాపులో నిలబడి... సరే, అది వద్దులెండి.

"మొత్తం పంపేశాడా? ఖర్చులకి ఉంచుకోవద్దూ?" అన్నారు నాన్న. నెలనెలా నాకు చెప్పేదీ అదే.

2019, 2020 రెండేళ్లూ లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడు ఇతనే, కప్పు మాత్రం రాలేదు. ఫౌలైతే ఒక్కడే నిలబడి వేసే ఫ్రీ త్రోలో తడబడేవాడు. పది సెకన్లలో వెయ్యాలి, ఇతనేమో తీరిగ్గా వేస్తాడు. అందుకని అవతలి ఊరి జనం స్టేడియమంతా అదిరేలా అంకెలు లెక్కపెట్టేవారు. 2021లో అట్లాంటా మీద ఆడుతుంటే మోకాలు వెనక్కి వంగిపోయి రెండాటలు కూర్చున్నాడు. ఫైనల్స్‌లో ఫీనిక్స్ మీద మొదటి రెండూ పోయాయి, తర్వాత వరసగా నాలుగూ గెలిచారు. జులై 20న చివరాటలో 50 పాయింట్లు! 19 ఫ్రీ త్రోల్లో 17 పడ్డాయి. మిల్వాకీకి మళ్లీ 50 ఏళ్లకి కప్పు. ఆ స్టేడియం పక్కన పార్కింగ్‌కే మేం 30 డాలర్లు కట్టాం, రెండున్నర వేలు దాటింది.

యానాంలో పులస 18 వేలు చెప్పారు. "రెండొందల డాలర్లా!" అన్నాను. "డాలర్లు తియ్యకే, ఇంకా పెంచేత్తారు" అని నాన్న చెయ్యి పట్టుకుని లాగేశారు. రొయ్యలతో సరిపెట్టుకున్నాం.

ఇంటికొచ్చాక అమ్మ రొయ్యలు ఒలుస్తూ, "ఆ అబ్బాయి అమ్మానాన్నల్ని అక్కడికి తెచ్చుకున్నాడా?" అంది. ఆ మొదటి సీజన్లోనే తెచ్చుకున్నాడమ్మా, తమ్ముళ్లతో సహా. "మరి మా వీసా ఎంతవరకొచ్చింది?"

హైదరాబాద్‌లో స్లాట్లు దొరకట్లేదండి. ఎవరికైనా దగ్గర్లో తేదీ కనపడితే కాస్త చెప్పండి.